వండువారు, తినువారు

గంధవరం పురపాలక సంఘానికి స్పెషల్ ఆఫీసరుగా వచ్చిన చక్రధరరావు గారికి మలబద్ధకం లేకపోయి ఉంటే ఈ కథే లేదు. ఆ బాధ పడలేక ఆయన సెలవు పెట్టి, కొండల్లో ఉన్న ఏదో ఆశ్రమానికి పోయి, పది రోజులు వాళ్ళు పెట్టింది తిని, పదకొండో రోజు పొద్దున్న ఆనందబాష్పాలతో బయటికొచ్చారు. తనకు జరిగిన మేలు తన దగ్గరే దాచుకోవడం పాపం అనుకునే రకం మనిషాయన. అలాంటి వాళ్ళ చేతిలో అధికారం లేకపోతే ఇరుగుపొరుగు నాలుగిళ్ళ వాళ్ళు విసుక్కుని ఊరుకుంటారు. ఉంటే మాత్రం ఊరంతా అనుభవించాలి.

ఎన్నికలు జరగలేదు కనుక కౌన్సిలు లేదు. కౌన్సిలు లేదు కనుక అడ్డు చెప్పేవాళ్ళూ లేరు. ఆయన సెలవు నుంచి వచ్చిన వారానికే "ఇంటింటా త్రిదోష సమతుల్య పాక పథకం" పుట్టింది. ప్రతి మనిషిలోనూ వాతమో, పిత్తమో, కఫమో ఒకటి ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఎవరి తత్వానికి తగ్గ తిండి వాళ్ళకు విడివిడిగా వండి పెట్టాలని ఆ పథకం సారాంశం. తడిచెత్తనీ పొడిచెత్తనీ వేరుచేయడం ఏడేళ్ళుగా చేతకాని ఊళ్ళో, అన్నం తినేవాళ్ళను మూడు రకాలుగా వేరుచేసే పని మొదలైంది.

భ్రమరాంబకు ఈ సంగతి ఇంటి తలుపుకి అంటించిన పచ్చ కాగితం చూశాక తెలిసింది. "ఇందుమూలముగా యావన్మంది గృహస్థులకు తెలియజేయునది ఏమనగా, ప్రతి గృహమందలి వండువారు నలుబది దినముల శిక్షణ పొందవలెను. పొందని యెడల సదరు గృహమునకు కుళాయి నీరు నిలుపుదల చేయబడును" అని ఉంది అందులో. మిగతా ముక్కలు ఎలా ఉన్నా, కుళాయి నీరన్న ముక్క ఆవిడకు బాగా అర్థమైంది.

కాగితంతో పాటు బంట్రోతు ఏడో నంబరు ఫారం ఒకటి ఇచ్చాడు. అందులో రెండు కాలమ్‌లున్నాయి. మొదటిదాని మీద 'వండువారు' అనీ, రెండోదాని మీద 'తినువారు' అనీ అచ్చు వేసి ఉంది. భ్రమరాంబ మొదటి కాలమ్‌లో తన పేరు రాసింది. రెండో కాలమ్‌లో అత్తగారు సత్తెమ్మ పేరు, కాలవల శాఖలో గుమస్తాగిరీ చేసే భర్త భీమేశ్వరరావు పేరు, ఇంటర్ చదివే కూతురు లాస్య పేరు రాసింది. కింద ఇంకా చోటుంటే, అక్కడ తన పేరు కూడా రాయబోయింది.

"ఆగండాగండి!" అన్నాడు బంట్రోతు. "ఒకే పేరు రెండు చోట్లా రాయకూడదండి. కంప్యూటర్ ఒప్పుకోదు."

"మరి నేను తిననా ఏంటయ్యా?"

"అయ్యన్నీ నాకు తెలీదండి. వంటెవరు చేస్తారో చెప్పమన్నారు, తినేదెవరో చెప్పమన్నారు. మీరు చేస్తారు, వాళ్ళు తింటారు. ఇందులో తిరకాసేముందండీ?"

లోపల పప్పు మాడుతున్న వాసన వచ్చింది. తర్వాత చూసుకుందాంలే అనుకుని ఆవిడ సంతకం పెట్టేసి లోపలికి పరిగెత్తింది. ఇరవై రెండేళ్ళ కాపరంలో ఆవిడ తనకు సంబంధించిన పనులన్నీ తర్వాత చూసుకుందామనే వదిలేసింది.

శిక్షణ మున్సిపల్ ఎలిమెంటరీ స్కూల్లో, ఒకటో తరగతి గదిలో జరిగింది. ఆరేళ్ళ పిల్లల కోసం చేసిన బెంచీల మీద, మోకాళ్ళు గడ్డానికి ఆనేటట్టు ముడుచుకుని, నలభై మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. పాకాచార్య త్ర్యంబకం గారు భుజం మీద శాలువా సర్దుకుని చెప్పడం మొదలుపెట్టారు.

"మాతృమూర్తులారా! వాతము చలనాత్మకము, రూక్షము. దానికి స్నిగ్ధము, ఉష్ణము విధించవలెను. పిత్తము అగ్నిస్వరూపము. దానికి శీతలము, మధురము. కఫము గురుత్వము, మాంద్యము. దానికి కటువు, తిక్తము. ఇంతే! వంటగది అనగా ఔషధశాల. గరిట అనగా..."

"వాతానికి నూనె దిట్టంగా వేసి వేడివేడిగా పెట్టమంటున్నారు. పిత్తానికి కారం, పులుపు లేకుండా చప్పగా. కఫానికి మిరియాలు, కాకరకాయలు" అని పక్కావిడకు తెలుగులో చెప్పింది భ్రమరాంబ. ఆ గదిలో ఆ రోజు జరిగిన చదువు అంతవరకే.

చివర్లో భ్రమరాంబ చెయ్యెత్తింది. "ఆచార్యులు గారండీ, మా ఇంట్లో పొయ్యిలు రెండండి. కూరలు మూడు. దేనికది విడిగా వండి పెట్టాలంటున్నారు. ఎలాగండి?"

"మంచి ప్రశ్న. ఓర్పు అనే మూడవ పొయ్యి స్త్రీ హృదయంలోనే కలదు."

"మీ ఇంట్లో ఎలా వండుతున్నారండి?"

"నేను సిద్ధాంత విభాగం అమ్మా" అన్నారు త్ర్యంబకం గారు గంభీరంగా. "ప్రయోగ విభాగం మా ఆవిడ చూసుకుంటుంది."

తర్వాతి మెట్టు తత్వనిర్ణయం. దోష నిరీక్షకుడు ఏకాంబరం, కౌంటరు గుమస్తా సీతారత్నం కలిసి ఒక ప్రశ్నావళి పట్టుకుని ఆదివారం పొద్దున్నే వచ్చారు. ఏకాంబరం అంతకు ముందు పందులు పట్టే విభాగంలో పనిచేశాడు. ఊళ్ళో పందులు అలాగే ఉన్నాయి గానీ ఆయనకు మాత్రం ప్రమోషన్ వచ్చింది.

"మీకు తరచుగా కోపం వస్తుందా?" అని భీమేశ్వరరావుని అడిగాడు.

"ఆదివారం పూట ఏడింటికి తలుపుకొట్టి అడగాల్సిన ప్రశ్నా ఇది? నాకు కోపం వస్తే మీకేంటి, రాకపోతే మీకేంటి?"

"పిత్తం" అన్నాడు ఏకాంబరం. సీతారత్నం చేతిలోని కంప్యూటర్ పలక మీద నొక్కింది.

సత్తెమ్మ ఎవరొచ్చారో చూద్దామని మంచం మీంచి లేస్తుంటే రెండు మోకాళ్ళూ పటపటమన్నాయి. అడగకుండానే వాతం కింద నమోదైపోయింది. ఏడు దాటినా లేవకుండా దుప్పటి ముసుగులో ఉన్న లాస్య కఫంలో పడింది.

"మరి నాకూ?" అంది భ్రమరాంబ, అందరికీ కాఫీలందిస్తూ.

"మీరు వండువారమ్మా. మీకు తత్వం అవసరం లేదు" అన్నాడు ఏకాంబరం కాఫీ చప్పరిస్తూ.

ఆ మర్నాటి నుంచి ఇల్లు మూడు ముక్కలైంది. మూడు మూకుళ్ళు, మూడు గరిటెలు, మూడు పోపుల డబ్బాలు. కంచాలకు నీలం, ఎరుపు, పసుపు చీటీలు అంటించారు. సత్తెమ్మకు నువ్వుల నూనెలో ఈదులాడే గుమ్మడికాయ. భీమేశ్వరరావుకు ఉప్పూ కారం ఎరగని సొరకాయ, కొత్తిమీర నీళ్ళు. లాస్యకు కాకరకాయ, మిరియాలు, ఉలవలు, జొన్నరొట్టె. పాలు, పెరుగు దాని ఛాయలకు కూడా రాకూడదు. తినే వేళలకు మున్సిపల్ ఆఫీసు మీద సైరన్ మోగేది. పదకొండున్నరకు వాతం, పన్నెండుకు పిత్తం, ఒంటిగంటకు కఫం. పన్నెండు గంటల సైరన్‌కి ఊళ్ళో పిత్తపు వాళ్ళంతా ఎక్కడి పనులక్కడ వదిలేసి ఇళ్ళకు పరిగెత్తేవారు. బస్సు డ్రైవర్లలో ఎక్కువమంది పిత్తమే కావడంతో ఆ అరగంటా బస్సులు తిరిగేవి కావు.

మనిషన్నాక నాలుక ఊరుకోదు కదా. మామ్మా మనవరాలూ గది తలుపేసుకుని దొంగవ్యాపారం మొదలుపెట్టారు. సత్తెమ్మ పెరుగు ఇస్తే లాస్య మిరియాల కారప్పొడి ఇచ్చేది. భీమేశ్వరరావు ఆఫీసు బీరువాలో, ఎవరూ తెరవని పాత కాలవల ఫైళ్ళ వెనక ఆవకాయ జాడీ పెట్టుకుని, నెలాఖరున ఏకాంబరం ముక్కుకు దొరికిపోయాడు. శిక్షగా సొరకాయ విశిష్టత మీద గంటసేపు ఉపన్యాసం విని, విన్నట్టు సంతకం పెట్టి వచ్చాడు.

వీళ్ళందరి బాధా ఒక ఎత్తు, భ్రమరాంబ బాధ ఒక ఎత్తు. తెల్లవారుజామున పొయ్యి వెలిగిస్తే మూడో సైరన్ మోగి, కఫం కంచం కడిగేసరికి రెండు దాటేది. ఆ తర్వాత ఆవిడ వంటగదిలో పీట వాల్చుకుని కూర్చునేది. వండేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియని రుచి ఒకటుంది. కూర తీసేశాక మూకుడు అడుగున అంటుకున్న గుజ్జు, వేగి నల్లబడ్డ పోపు గింజలు, కాస్త నూనె. అందులో ఇంత అన్నం వేసి, మూకుడు మెరిసేలా కలుపుకుని తింటే ఆ సుఖమే వేరు. అంతకు ముందు ఒక్క మూకుడుతో సరిపెట్టుకునేది. ఇప్పుడు మూడు వచ్చాయి గనుక మూడింటి అడుగులూ గోకి ఒకదాన్లో వేసుకునేది. చప్ప సొరకాయ, కారపు కాకరకాయ, నూనె గుమ్మడికాయ కలిసి ఏదో చెప్పలేని కొత్త కూర తయారయ్యేది. నిజం చెప్పాలంటే పథకం మొత్తంలో ఊరికి ఒరిగిన లాభం అదొక్కటే.

ఆ లాభాన్ని అనుభవిస్తుండగా ఏకాంబరం ఆకస్మిక తనిఖీకి వచ్చాడు.

"అమ్మా! వాత, పిత్త, కఫ మూకుళ్ళు మూడూ ఒకేదాంట్లో కలిపేశారా?" అన్నాడు గుండె పట్టుకుని.

"మిగిలింది పారేసుకుంటామా ఏంటండి?"

"అది తర్వాత. అసలు మీరేం చేస్తున్నారు?"

"కనపడ్డం లేదాండి? అన్నం తింటున్నాను."

ఏకాంబరం సంచిలోంచి రిజిస్టరు తీసి, వేలుతో కిందికి దిగి, తలెత్తాడు. "ఈ ఇంట్లో తినువారు ముగ్గురేనమ్మా. మీరు నాలుగోవారవుతున్నారు."

"నేను వండేదాన్నండి."

"నేనూ అదే అంటున్నాను!"

అతను మూకుడును ముద్దలతో సహా సాక్ష్యం కింద పట్టుకుపోయాడు. మూడో నాటికి నోటీసు వచ్చింది. "వండువారుగా నమోదైన భ్రమరాంబ అను వ్యక్తి, తినువారి జాబితాలో లేకుండగనే, గత మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల యాభై నిమిషములకు మూకుడుతో సహా భుజించుచుండగా పట్టుబడినందున, తాము ఏ హోదాలో భుజించితిరో ఏడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను. అంతవరకు తాము భుజించరాదు."

భ్రమరాంబ మొదట నవ్వింది. మూకుడుతో సహా భుజించడం అన్న దగ్గర కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. రెండోసారి చదివినప్పుడు 'ఏ హోదాలో' అన్న చోట నవ్వు ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఆ ఇంట్లో తను ఏ హోదాలో తింటున్నట్టో ఆవిడకూ తెలియలేదు. అందరూ తిన్నాక, నిలబడో, పీట మీదో, ఏది మిగిలితే అది. ఎవరూ తినొద్దనలేదు, తిన్నావా అనీ అడగలేదు. ఆవిడకు కష్టం అనిపించింది. చాలా కష్టం అనిపించింది.

మర్నాడు మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళింది. కౌంటర్లో సీతారత్నం ఉంది.

"నా పేరు తినేవాళ్ళలో ఎక్కించండమ్మా."

"కంప్యూటర్ ఒప్పుకోదండి. ఒక పేరుకి ఒక కాలమ్ మాత్రమే."

"ఊళ్ళో ఇలా ఎంతమంది ఉన్నారేంటి?"

"వండేవాళ్ళందరూనండి. ఆరువేల చిల్లర."

"వాళ్ళెవరూ తినడం లేదా?"

"రికార్డు ప్రకారం లేదండి." సీతారత్నం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నేనూ వండువారేనండి. బాక్సు బల్ల కింద పెట్టుకుని, పెన్ను పడిపోయినట్టు వంగి, ఒక్కో ముద్దే తింటున్నాను."

అక్కడి నుంచి భ్రమరాంబ నేరుగా స్పెషల్ ఆఫీసరు గదికి నడిచింది. చక్రధరరావు గారు జీలకర్ర నీళ్ళు తాగుతూ అంతా సావధానంగా విన్నారు.

"అమ్మా, మీరు భావోద్వేగంతో కాక విధానపరంగా ఆలోచించాలి. వండువారు పథకానికి కర్తలు. తినువారు లబ్ధిదారులు. కర్తే లబ్ధిదారు అయితే రేపు ఆడిట్ అభ్యంతరం వస్తుంది."

"అయితే నన్నేం చెయ్యమంటారండి?"

"మార్గం ఉంది. కాలమ్ మార్పిడికి పదకొండో నంబరు ఫారం. మీ స్థానంలో మీ కుటుంబంలో వేరొకరు వండువారుగా సమ్మతి తెలిపిన యెడల, మీరు నిరభ్యంతరంగా తినువారు కావచ్చును. పద్దెనిమిదేళ్ళు నిండి ఉండాలి."

ఆ సాయంత్రం భ్రమరాంబ ఫారం తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. లాస్యకు పదిహేడు, పనికిరాదు. మిగిలింది ఇద్దరు.

సత్తెమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "అమ్మాయ్, నలభయ్యేళ్ళు నేనా గడిలోనే ఉన్నానే. నువ్వు కాపరానికొచ్చాకే బయటపడ్డాను. మళ్ళీ నన్నందులోకి తొయ్యకే తల్లీ."

భీమేశ్వరరావు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. "ఏవోయ్, ఇవన్నీ ఎవరు చూస్తారు? నువ్వు మామూలుగా తినెయ్యి."

"తినొద్దని రాసిచ్చారండి. నేను తినను."

నిజంగానే తినలేదు. మర్నాడు సైరన్ మోగినప్పుడల్లా వడ్డించి, ఖాళీ కంచం ఒకటి ముందు పెట్టుకుని, తినేవాళ్ళకు ఎదురుగా కూర్చుంది. తింటున్నంతసేపూ చూస్తూ ఉంది. సత్తెమ్మ గుమ్మడికాయ కంచం పక్కకు జరిపేసింది. లాస్య తన సైరన్ దాకా ఆగకుండా తండ్రి కంచం దగ్గరికొచ్చి, "నాన్నా, సంతకం పెట్టు నాన్నా! అమ్మ పొద్దుట్నుంచీ మంచినీళ్ళే తాగింది" అని ఏడుపు మొహం పెట్టింది. భీమేశ్వరరావు సొరకాయ ముక్కను అటు తోసి, ఇటు తోసి, చివరికి కాలవల శాఖ పెన్ను తీశాడు.

"కాగితం మీదేగా. పెడితే పోలా?" అన్నాడు. మున్సిపాలిటీలో కాగితం మీదే అన్నీ జరుగుతాయని అతనికి తెలిసే ఉండాలి.

మర్నాడు పొద్దున్నే ఏకాంబరం సుద్దముక్క పట్టుకొచ్చి వంటగది గుమ్మానికి అడ్డంగా గీత గీశాడు. "వండువారు కాని వారు ఈ గీత దాటరాదు. బయట నుంచి సలహాలివ్వరాదు. సలహా కూడా వంటలో భాగమే" అని చదివి వినిపించాడు. భీమేశ్వరరావు గీతకు ఆ పక్క, మెడలో తువ్వాలుతో నిలబడి, పొయ్యి వైపు భయంగా చూశాడు.

ఆ తర్వాత కొత్త తినువారికి తత్వనిర్ణయం చేయడానికి త్ర్యంబకం గారే స్వయంగా, సీతారత్నాన్ని వెంటబెట్టుకుని వచ్చారు. భ్రమరాంబ కుర్చీలో కూర్చుంది. ఆవిడ ముందు నలుగురు మనుషులు నిలబడి ఉండటం ఆవిడకు ఇబ్బందిగా ఉంది. లేచి కాఫీ పెడతానందామనుకుని, గీత చూసి ఆగిపోయింది.

ఆచార్యుల వారు నాడి పట్టుకుని నొసలు చిట్లించారు. "విచిత్రం. మూడూ ఉద్రేకంలో ఉన్నాయి. నిద్ర ఎప్పుడు పడుతుందమ్మా?"

"పనైపోయాకండి."

"కోపం వస్తుందా?"

"వస్తుందండి. టైముండదు."

"ఇష్టమైన పదార్థం?"

భ్రమరాంబ నోరు తెరిచింది. అత్తగారికి గుమ్మడికాయ పులుసు. భర్తకు గుత్తివంకాయ. లాస్యకు బంగాళదుంప వేపుడు, అందులో కాస్త మాడినవి. అమలాపురంలో ఉండే మరిదికి పనసపొట్టు, అతని భార్యకు పెసరట్టు. అన్నీ నాలుక చివరే ఉన్నాయి. తనది మాత్రం లేదు. పుట్టింట్లో ఉన్నప్పుడు ఏదో ఉండేది, అడిగి మరీ చేయించుకునేది. అదేమిటో ఎంత వెతికినా గుర్తు రాలేదు. ముందు సిగ్గేసింది. తర్వాత ఏడుపొచ్చింది. ఇంతమంది ముందు ఏడవడం ఇష్టంలేక గట్టిగా ఊపిరి పీల్చుకుని, తోచింది చెప్పేసింది.

"ఇంకెవరైనా వండింది."

సీతారత్నం తన చేతిలో ఉన్న పలక మీద కిందికీ పైకీ వెతికింది. "ఇందులో మూడొందల పద్నాలుగు వంటలున్నాయండి. ఇది లేదు."

"ఇతరములు కింద వెయ్యి" అన్నాడు ఏకాంబరం.

భీమేశ్వరరావు మొదటి వంట మూడు గంటలు సాగింది. లోపల ఏవో దొర్లాయి, ఏదో పగిలింది. ఒకసారి "ఆవాలెక్కడున్నాయే?" అని కేక వినిపించింది. భ్రమరాంబ చెప్పబోయి, గుమ్మంలో కూర్చున్న ఏకాంబరాన్ని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చివరికి ముగ్గురికీ కలిపి ఒకే బీరకాయ పప్పు బయటికొచ్చింది. అన్నం ఒకవైపు సంగటి, ఇంకోవైపు బియ్యం. మూడు తత్వాలకు మూడు వంటలేవని ఏకాంబరం అడిగితే, భీమేశ్వరరావు చేతిలో గరిట చూపించాడు. ఏకాంబరం మళ్ళీ అడగలేదు.

భ్రమరాంబ అత్తగారి పక్కన, కూతురి పక్కన కూర్చుని, పొగలు వస్తున్న అన్నంలో ఆ పప్పు కలుపుకుంది. నెమ్మదిగా తింది. రెండోసారి వడ్డించుకుంది. భీమేశ్వరరావు చెమటలు కక్కుతూ గీత ఇవతలికి తొంగి చూశాడు.

"ఎలా ఉంది?"

"వేడిగా ఉందండి" అంది భ్రమరాంబ.

తినువారి జాబితాలోంచి అతని పేరు తీసేశారు గనుక, తలుపు చాటుకు పోయి అరటిపండు తిన్నాడు.

రెండు వారాల తర్వాత త్ర్యంబకం గారు మళ్ళీ నాడి చూసి అదిరిపడ్డారు. వాతం, పిత్తం, కఫం మూడూ సమంగా, చక్కగా నడుస్తున్నాయి. ఈలోగా సంగతి వీధికొళాయిల దగ్గర పాకి, పదకొండో నంబరు ఫారాలు ఆఫీసులో అయిపోయాయి. మూడు వందల పద్దెనిమిది మంది ఆడవాళ్ళు వండువారి లోంచి తినువారి లోకి మారారు. ఇష్టమైన పదార్థం గడిలో అందరూ ఒక్కటే రాశారు. అందరి నాడీ కుదుటపడింది. ఊళ్ళో మూడొందల పద్దెనిమిది మంది మగవాళ్ళు వేళ్ళకు కాలిన మందు రాసుకుని తిరుగుతున్నారు గానీ ఆ విషయం నివేదికలో లేదు.

నివేదిక వేరే విషయం చెప్పింది. మూడు దోషాలనూ ఏకకాలంలో శమింపజేసే పదార్థం గంధవరంలో బయటపడిందనీ, దాని పేరు 'ఇంకెవరైనా వండినది' అనీ, దాని తయారీ విధానం ఏ గ్రంథంలోనూ దొరకడం లేదనీ రాసి త్ర్యంబకం గారు చేతులెత్తేశారు. కమిటీ వేశారు. కమిటీ రెండుసార్లు సమావేశమై, మూడోసారి సమావేశం కావాలని నిర్ణయించింది.

మూడో సమావేశం దాకా ఆగలేక, ఒక బుధవారం పొద్దున్నే చక్రధరరావు గారు ఒంటరిగా భ్రమరాంబ ఇంటికొచ్చారు. జీపు వీధి చివర ఆపి నడిచి వచ్చారు. చంకలో నోటు పుస్తకం ఉంది. మొహం వాడిపోయి ఉంది.

"రండి, కూర్చోండి" అంది భ్రమరాంబ, పేపరు పక్కన పెట్టి. "కాఫీ నేను పెట్టకూడదండి. ఆయన పెడతారు, కాస్త టైము పడుతుంది."

"వద్దమ్మా, తొందరలో ఉన్నాను. మీరు ఆ పదార్థపు తయారీ విధానం వెంటనే తెలియజేయాలి."

"కమిటీ కోసమాండి?"

ఆయన వీధి వైపు ఒకసారి చూసుకున్నారు. "కమిటీ కోసం కాదు. నిన్న మా ఆవిడ కూడా పదకొండో నంబరు ఫారం పెట్టింది. ఇష్టమైన పదార్థం కూడా అదే రాసింది. ఫైళ్ళ కట్టలో చూసుకోలేదు. సమ్మతి తెలిపే చోటా నేనే సంతకం పెట్టాను, మంజూరు చేసే చోటా నేనే పెట్టాను. ఏకాంబరం పొద్దున్న వచ్చి మా వంటగదికి గీత గీసి, ఆవిడ తత్వం కూడా తేల్చి పోయాడు."

"రద్దు చేసెయ్యండి మరి."

"అలా చేస్తే నా సంతకాన్ని నేనే ధిక్కరించినట్టవుతుంది. పదకొండున్నరకు సైరన్. ఆవిడ వాతం."

భ్రమరాంబకు ఆయన మీద ఉన్న కోపమంతా అక్కడితో పోయింది. సొరకాయ చేతికిస్తే ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలియని మనిషిని చూస్తే జాలేసింది. జాలితో పాటు హుషారు కూడా వచ్చింది.

"రాసుకోండి" అంది. ఆయన పెన్ను తీశారు. "ముందుగా మీ ఆవిడగారిని కుర్చీలో కూర్చోబెట్టండి."

"ఆసీనురాలిని చేయవలెను" అని రాశారు. "ఎంతసేపు?"

"మీకు బియ్యం డబ్బా ఎక్కడుందో దొరికేదాకా."

"సుమారు?"

"అది మీ అదృష్టం. తర్వాత పొయ్యి వెలిగించండి. ఎక్కడేముందని మాత్రం ఆవిడ్ని అడక్కండి. పోపుకి ఆవాలు కావాలి. మా వారికి నెలరోజులైనా ఇంకా దొరకలేదండి."

"ఆవాలు లభ్యం కాని యెడల మినహాయించవచ్చును" అని రాసుకుని, కింద గీత కొట్టారు. "ఆ తర్వాత?"

"వేడి వేడిగా వడ్డించండి. పక్కన నిలబడి, చాలా, ఇంకాస్త వెయ్యనా అని అడుగుతూ ఉండండి. ఆవిడ చెయ్యి కడుక్కునేదాకా కదలకండి. అంతేనండి పదార్థం."

చక్రధరరావు గారు అంతా ఒకసారి చదువుకున్నారు. ఏదో లోటు తోచి పెన్ను మళ్ళీ ఎత్తారు.

"మరి నేనెప్పుడు తినాలి?"

భ్రమరాంబ ఆయన వంక నిదానంగా చూసింది.

"రికార్డు ప్రకారం మీరు తినరు కదండీ" అంది.